సాక్సఫోన్, హిప్‌హాప్ బీటు కలిపి తెలుగులో ఒక సరసమైన పాట: సలహాలు కావాల

బీట్‌బాబు_కడప | శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్తే. కొన్నాళ్లుగా ఇంట్లోనే కంప్యూటర్ మీద బీట్లు చేస్తున్నా. ఈసారి వేరే రకం పాట ఒకటి మొదలుపెట్టినా. స్పీడు 74 బీపీఎమ్ (నిమిషానికి 74 దెబ్బలు), స్కేల్ ఎఫ్ మైనర్. కింద 808 బేస్ (పాత డ్రమ్ మిషన్ నుంచి వచ్చే లోతైన శబ్దం), మధ్యలో ఎలక్ట్రిక్ పియానో కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒకేసారి మోగేవి), స్నేర్ డ్రమ్ బదులు చిటికె. ప్రేమ పాటే, కానీ బస్టాండ్‌లో చూసి పడిపోయే కాలేజీ ప్రేమ కాదు. ఇంట్లో అందరూ నిద్రపోయినాక ఇద్దరు మాట్లాడుకునే పాట. పల్లవి ఒక అక్క పాడుతుంది, చరణంలో నేను ర్యాప్.

శాంపిల్ ప్యాక్‌లోంచి (ముందే రికార్డు చేసి ఇచ్చే ముక్కల్లోంచి) సాక్స్ లూప్ ఒకటి తీసి పెట్టినా. నీటుగా ఉంది, శ్రుతి తప్పలేదు, కానీ పెద్ద షాపింగ్ మాల్‌లో పొద్దస్తమానం మోగే మ్యూజిక్ లాగా ఉంది. మా వీధిలో పెళ్లి బ్యాండ్‌లో ఆల్టో సాక్స్ వాయించే మామ ఉన్నాడు. ఆయన ఊదితే నాలుగు వీధులకు వినపడుతుంది, అదే నా టెన్షన్. ఆయన్ని పిలిస్తే పాట కాస్తా ఊరేగింపు అయిపోతుందేమో. లూప్‌తో సర్దుకోవాల్నా, మామను పిలవాల్నా?

అనంత_808 | రాత్రి 10:58

మామను పిలువప్పా, ఇంకో మాట లేదు. లూప్ అంటే ఎవరో ఎక్కడో ఇంకో కార్డ్స్ మీద వాయించింది. నీ పాట ఎక్కడ ఆగుతుందో దానికి తెలీదు. ఈ రకం పాటలో సాక్స్ పని అంతా ఆ ఆగే చోటే. పాడే అక్క లైను ముగించి గాలి పీల్చుకునే సందులో సాక్స్ రావాల. లూప్ అట్లా రాదు, అది నాలుగు బార్లకోసారి, అంటే నాలుగు తాళం చుట్లకోసారి, దానంతటది తిరిగి వచ్చేస్తుంది.

బీటు ఒకసారి పంపు, విని చెప్తా.

పాతరికార్డు_కర్నూలు | రాత్రి 11:20

బాబూ, ఒక హెచ్చరిక. సాక్సఫోన్ వినగానే మన జనానికి క్లబ్ డాన్సు గుర్తొస్తుంది. ఇది వాయిద్యం తప్పు కాదు, సినిమా చేసిన పని. బొంబాయి హోటళ్లలో జాజ్ బ్యాండ్లలో వాయించే గోవా సంగీతకారులు తర్వాత సినిమా ఆర్కెస్ట్రాల్లో చేరారు. తెర మీద మందు గ్లాసు, మసక లైటు కనిపిస్తే చాలు, వెనక సాక్స్ మోగాల్సిందే అన్నట్టు తయారైంది. హిందీ సినిమా పాటల్లో సాక్స్ వాయించిన మనోహరీ సింగ్ లాంటి మహానుభావుడు ఆల్టో మీద ఎంత మర్యాదగా, ఎంత తీయగా వాయించాడో శ్రద్ధగా విన్నవాళ్లకే తెలుసు.

అసలు అడాల్ఫ్ సాక్స్ అనే బెల్జియం ఆయన దీన్ని చేసి 1846లో పారిస్‌లో పేటెంట్ తీసుకున్నాడు. మిలిటరీ బ్యాండ్లలో మోగడానికి పనికొచ్చింది. మన రాజాస్థానాల బ్యాండ్లలోకీ, అక్కణ్నుంచి పెళ్లి బ్యాండ్లలోకీ వచ్చింది ఆ దారినే. నాదస్వరం వాయించే ఇంట్లో పుట్టిన కద్రి గోపాల్‌నాథ్ మైసూరు ప్యాలెస్ బ్యాండ్‌లో దీన్ని చూసి మనసు పారేసుకుని, ఏళ్ల తరబడి సాధన చేసి కర్ణాటక కచేరీకి ఎక్కించాడు. 2004లో పద్మశ్రీ వచ్చింది, 2019లో పోయాడు. కాబట్టి మీ వీధిలో మామను చిన్నచూపు చూడొద్దు. ఆయన చేతిలో ఉన్నదీ అదే పైపు.

బీట్‌బాబు_కడప | రాత్రి 11:31

చిన్నచూపు ఎందుకన్నా, ఆయన పక్కన నిలబడితే నా చెవులు గింగుర్లెత్తుతాయి, అంతే.

బజ్జీబాయ్ | రాత్రి 11:33

పెళ్లిలో డ్రమ్ములకు పోటీగా ఊదాల గదా పాపం. గదిలో ఊదమంటే గదిలో ఊదతాడు.

రీడ్‌మాస్టారు | ఆదివారం ఉదయం 6:15

పైన బజ్జీబాయ్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను చాలా ఏళ్లు కర్నూలు, ఆదోని వైపు బ్యాండ్లలో వాయించినవాణ్ణి. రోడ్డు మీద మేము గట్టి రీడ్ (మౌత్‌పీస్‌కు బిగించే సన్నటి రెల్లు పలక) పెట్టి, పెదవి బిగించి, శబ్దం దూరం పోయేటట్టు ఊదుతాం. నీ పాటకు అది అక్కర్లేదు. మూడు నంబరు రీడ్ తీసేసి రెండో, రెండున్నరో పెట్టుకోమను. కింది పెదవి వదులు చేసి, దవడ కొంచెం కిందికి దించి, మెల్లగా గాలి వదిలితే స్వరం కంటే ముందు గాలి వినపడుతుంది. దాన్నే సబ్‌టోన్ అంటారు. జాజ్‌లో బెన్ వెబ్‌స్టర్ టెనార్ మీద (ఆల్టో కంటే పెద్ద సాక్స్) నెమ్మది పాటలు వాయించేటప్పుడు స్వరం అయిపోయినాక కూడా ఉత్త గాలి కాసేపు వినిపిస్తుంది. నీ పాటకు కావాల్సిన, ఒంటికి తగిలే గుణమంతా ఆ గాలిలోనే ఉంది నాయనా. మన బ్యాండోళ్లకు ఇది రాక కాదు, వాయించమని అడిగినవాడు లేక.

ఇంకొకటి, మీ కడప ఎండ. పైపులో గాలి వేడెక్కితే శ్రుతి పైకి పోతుంది. మధ్యాహ్నం పూట రేకుల గదిలో రికార్డింగ్ పెట్టుకుంటే నీ పియానో ఒకచోట, ఆయన సాక్స్ ఒకచోట ఉంటాయి. మౌత్‌పీస్ కొంచెం బయటికి లాగితే సర్దుకుంటుంది గానీ, మరీ లాగితే కింది స్వరాలూ పై స్వరాలూ తమలో తామే పొసగవు. పొద్దున్నే పెట్టుకో, లేదా రాత్రి. రీడ్‌ను ముందే తడిపి ఉంచమను. ఎండిన రీడ్ కీచుమంటుంది.

అనంత_808 | ఉదయం 8:02

మాస్టారూ దండాలు. ఇట్లాంటి సంగతులు యూట్యూబ్‌లో ఎంత వెతికినా మన భాషలో దొరకవు.

బీట్‌బాబు_కడప | ఉదయం 9:10

మాస్టారూ, మామను కలిసినా. సంతోషపడినాడు. కానీ "ఎఫ్ మైనర్" అంటే "అదేంది?" అన్నాడు. ఆయనకు రాగం చెప్పాలంట, సా ఎక్కడో చూపించాలంట. నా దగ్గర రెండే కార్డ్స్, ఎఫ్ మైనర్ నైన్, బి ఫ్లాట్ థర్టీన్. అవే తిరుగుతుంటాయి. ఏం చెప్పాల?

రీడ్‌మాస్టారు | ఉదయం 9:55

ఆల్టో సాక్స్ ఈ-ఫ్లాట్ వాయిద్యం. ఆయన వేళ్లు 'డి' మీద పెడితే బయటికి వచ్చేది నీ 'ఎఫ్'. కాబట్టి "మామా, డి మీద సా పెట్టుకో" అను, అర్థమైపోతుంది. టెనార్ అయితే 'జి' మీద సా.

రాగానికి ఖరహరప్రియ చెప్పు. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. జాజ్ వాళ్లు డోరియన్ అనేదీ ఇవే స్వరాలు. ఆయనకు హిందోళం బాగా అలవాటై ఉంటుంది, బ్యాండ్లో అందరికీ అంతే, చేయి దానంతటదే అటు పోతుంది. అక్కడ జాగ్రత్త. హిందోళంలో ఉండేది శుద్ధ ధైవతం. నీ రెండో కార్డ్ బి ఫ్లాట్‌లో 'డి' స్వరం ఉంది, అంటే ఎఫ్ నుంచి చతుశ్రుతి ధైవతం. ఆయన శుద్ధ ధైవతం పట్టుకుని నిలబడితే సరిగ్గా అక్కడ రెండూ గుద్దుకుంటాయి. ఏమీ తోచకపోతే శుద్ధ ధన్యాసి వాయించమను. అందులో రిషభం, ధైవతం రెండూ ఉండవు కాబట్టి రెండు కార్డ్స్ మీదా క్షేమం. పైగా అది అమెరికా వాళ్ల మైనర్ పెంటాటానిక్కే, బ్లూస్ వాసన దానంతటదే వస్తుంది.

గమకాలు మాత్రం తగ్గించమను. మొత్తం తీసేయొద్దు. లైను చివర ఒక్క జారుడు ఉంటే చాలు.

తాళ్లపాక_సీను | ఉదయం 11:12

డి మీద సా, శుద్ధ ధన్యాసి. ఈ చర్చను సేవ్ చేసుకున్నా.

మర్యాద_రాముడు | మధ్యాహ్నం 12:30

అన్నీ బాగున్నాయి గానీ, ఇంట్లో పెద్దవాళ్లు ఉంటారు, పిల్లలు ఉంటారు. పడగ్గది పాటలు చేసి మన సీమ పేరు ఎందుకు చెడగొట్టడం? ర్యాప్ అంటేనే బూతు. దానికి తోడు సాక్సఫోన్.

పాతరికార్డు_కర్నూలు | మధ్యాహ్నం 12:52

రాముడు గారూ, తాళ్లపాక మీ కడప పక్కనే గదండీ. అన్నమయ్య కీర్తనలు తిరుమల గుడిలో రాగిరేకుల మీద దొరికాయి. వేలల్లో ఉన్న ఆ కీర్తనల్లో శృంగారానివే ఎక్కువ, అధ్యాత్మ కీర్తనలు తక్కువ. అమ్మవారి అలకలు, పెదవి మీద గాట్లు, చెదిరిన కొప్పు, అన్నీ ఉన్నాయి అందులో. పొద్దున్నే టీవీలో భక్తిగా వింటున్నాం. క్షేత్రయ్య పదాల సంగతి ఇక నేను చెప్పక్కర్లేదు. మన పెద్దవాళ్లకు లేని ఇబ్బంది మనకెందుకు?

మర్యాద_రాముడు | మధ్యాహ్నం 1:05

అది భక్తి. ఇది వేరు.

గొంతు_ప్రొద్దుటూరు | మధ్యాహ్నం 2:20

ఆ "పాడే అక్క"ను నేనే. రాముడన్నా, మీరు చెప్పేదాంట్లో సగం నాకూ ఒప్పుదలే, కారణం మాత్రం వేరు. బాబు మొదట రాసి పంపిన పల్లవి చదివి నేను పాడనన్నా. నడుము, ఒంపు, చీర, పెదవి. మొత్తం అబ్బాయి చూసే చూపే, అమ్మాయి అందులో బొమ్మ. క్షేత్రయ్య దగ్గర ఏముంటుంది? మాట్లాడేది ఆడమనిషి. అడుగుతుంది, దెప్పుతుంది, రమ్మంటుంది, ఇంకొకామె దగ్గరికి పోయొచ్చినావని నిలదీస్తుంది. నాకు ఆ గొంతు కావాల. అందుకే నేనే రాసుకున్నా:

"గడియ వెయ్యలేదు, దీపం ఒక్కటే తగ్గించా
అడగాల్సినవన్నీ మడిచి దిండు కింద పెట్టా"

దీంట్లో ఒక్క అవయవం పేరు లేదు. ఇంతకంటే ఎక్కువ చెప్పాల్సిన పనీ లేదు. మిగతాది సాక్స్ చెప్తుంది.

బజ్జీబాయ్ | మధ్యాహ్నం 2:24

"దిండు కింద పెట్టా" దగ్గర నేను ఆగిపోయినా అక్కా.

అనంత_808 | మధ్యాహ్నం 3:15

అక్కా, లైను బ్రహ్మాండం. ప్రొడక్షన్ వైపు నుంచి ఒక మాట. "తగ్గించా" అయిపోయినాక పూర్తిగా ఒక బార్ ఖాళీ వదులు. 808 కూడా తీసెయ్, పియానో కార్డ్ తోక మాత్రం సాగుతుండాల. అక్కడ మామ రెండు స్వరాలు ఊదితే చాలు, మూడోది వద్దు.

బాబూ, నీ బీటు విన్నా. డ్రమ్స్ అన్నీ గీత గీసినట్టు పడుతున్నాయి. క్వాంటైజ్ (దెబ్బల్ని సరిగ్గా గీత మీదికి సర్దేసే సెట్టింగ్) తీసెయ్. జే డిల్లా అనే అమెరికా హిప్‌హాప్ నిర్మాత ఎంపీసీ అనే బీట్ మిషన్ మీద డ్రమ్స్ వేళ్లతో కొట్టి, చాలాసార్లు సరిదిద్దకుండా అట్లాగే వదిలేసేవాడంటారు. కిక్, స్నేర్ సరిగ్గా గీత మీద పడవు, కొంచెం అటూ ఇటూ ఉంటాయి. జాజ్ డ్రమ్మర్ల ఊపు కంప్యూటర్ బీటులోకి వచ్చింది ఆ వదిలేయడంలోనే. 2006లో చిన్న వయసులోనే పోయినాడు, ఈనాటికీ అందరూ ఆయన పద్ధతే పట్టుకుంటున్నారు. నువ్వు చిటికెను ఒక 15, 20 మిల్లీసెకన్లు వెనక్కి జరుపు. తొందర లేని మనిషి వేసిన చిటికె అనిపిస్తుంది. హై-హ్యాట్ (టిక్ టిక్ మనే తాళాల చప్పుడు) మాత్రం కదిలించొద్దు, ఏదో ఒకటి నిలకడగా ఉంటేనే మిగతావి వెనకపడినట్టు తెలుస్తుంది.

808 గురించి కూడా. రోలాండ్ వాళ్ల ఆ మిషన్ 1980లో వచ్చింది. అప్పట్లో సరిగ్గా అమ్ముడుపోక మూడేళ్లకే ఆపేశారు, సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికింది కాబట్టే కుర్రోళ్ల చేతికి వచ్చింది. దాని కిక్‌ను సాగదీస్తే బేస్ అవుతుంది. నీ ఎఫ్ కింది స్వరం 43 హెర్ట్జ్ దగ్గర ఉంది. మనోళ్లలో ఎక్కువమంది వినేది ఫోన్ స్పీకర్‌లో, అందులో ఆ 43 వినపడనే పడదు. కొంచెం సాచురేషన్ (శబ్దాన్ని కాస్త గరుకు చేసే ఎఫెక్ట్) వేసి పై హార్మోనిక్స్ (అదే స్వరం పైన పుట్టే సన్న స్వరాలు) రప్పించు, అప్పుడు చిన్న స్పీకర్‌లో కూడా బేస్ ఉన్నట్టు చెవి నమ్ముతుంది. ఆల్టో సాక్స్ కింది హద్దు దాదాపు 139 హెర్ట్జ్ కాబట్టి 808తో దానికి తగాదా లేదు. తగాదా అంతా అక్క గొంతుతోనే, మధ్య ఫ్రీక్వెన్సీల్లో. గొంతు వచ్చినప్పుడు సాక్స్ ఒక రెండు మూడు డీబీలు తగ్గేటట్టు సైడ్‌చైన్ పెట్టు. అసలైతే ఇద్దరూ ఒకేసారి రాకుండా చూసుకుంటే ఆ మాత్రం కూడా అక్కర్లేదు.

బీట్‌బాబు_కడప | మధ్యాహ్నం 3:40

అందరికీ చేతులెత్తి దండం. ఈ రాత్రికే మామతో రికార్డింగ్. ఒకటే మైకు, మా ఇంటి ముందుగది. నేల మొత్తం కడప బండలు, గోడలకు సున్నం. ఏమన్నా చేయాల్నా?

అనంత_808 | మధ్యాహ్నం 3:52

చేయాల. కడప బండ అద్దంలాగా శబ్దాన్ని వెనక్కి కొడుతుంది. చప్పట్లు కొట్టి చూడు, "టక్" తర్వాత సన్నగా గింగురుమని ఇంకోటి వస్తుంది. అది రికార్డులో పడితే మామ మెల్లగా ఊదినా బాత్‌రూమ్‌లో ఊదినట్టే. ఇంట్లో ఉన్న బొంతలు, పరుపులు అన్నీ తెచ్చి కింద పరిచెయ్. మామ వెనక గోడకు ఒక పరుపు ఆనించు. ఫ్యాన్ ఆపు.

మైకును సాక్స్ గంట (చివర ఉండే వెడల్పు మూతి) లోపలికి పెట్టొద్దు, చాలామంది అదే చేస్తారు. సాక్స్ శబ్దం గంటలోంచే రాదు, కీల కింద ఉన్న రంధ్రాల్లోంచి కూడా వస్తుంది. ఒకటిన్నర అడుగు దూరంలో, రెండు చేతుల మధ్యకు చూపించి పెట్టు. సబ్‌టోన్ వాయించేటప్పుడు ఇంకొంచెం దగ్గరికి. కీల టకటక వినపడితే భయపడొద్దు, ఉండనీ, మనిషి వాయిస్తున్నాడని తెలుస్తుంది.

పాతరికార్డు_కర్నూలు | సాయంత్రం 5:30

ఒక విషయం ఎవరూ అడగలేదు. మామకు ఎంత ఇస్తున్నావు? పేరు వేస్తున్నావా?

హిప్‌హాప్ జాజ్ రికార్డులను కోసి వాడుకున్న కాలంలో అసలు వాయించినవాళ్ల పేర్లు చాలాచోట్ల రాలేదు. 1991లో అమెరికా కోర్టు ఒక శాంపిల్ కేసులో గట్టిగా తీర్పిచ్చాక గానీ అనుమతి లేకుండా వాడకూడదనే భయం రాలేదు. ఆ తర్వాత చాలామంది సంగీతకారులను నేరుగా స్టూడియోకు పిలవడం మొదలుపెట్టారు. గురు అనే ర్యాపర్ 1993లో బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్ లాంటి జాజ్ వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఆల్బమ్ చేశాడు. 2015లో కెండ్రిక్ లామార్ దగ్గర కమాసీ వాషింగ్టన్, టెర్రెస్ మార్టిన్ వాయించారు, వాళ్ల పేర్లు ఈరోజు ప్రపంచమంతా చెప్పుకుంటోంది. మన దగ్గర కూడా 1957 నాటి కాపీరైట్ చట్టంలో వాయించినవాడికి హక్కులున్నాయి. రేపు నీ పాట పదిమంది విన్నాక "సాక్స్ ఎవరిది?" అంటే "మా వీధి మామ" అంటే సరిపోదు.

బీట్‌బాబు_కడప | సాయంత్రం 5:48

పెళ్లికి ఎంత తీసుకుంటాడో అంతా ఇస్తానని చెప్పినానన్నా, గంట పనైనా సరే. పేరు పాట పేరు పక్కనే. డబ్బులొస్తే ఎవరి వాటా ఎంతో ఒక కాగితం మీద రాసుకున్నాం, అక్క కూడా సంతకం పెట్టింది.

రీడ్‌మాస్టారు | సాయంత్రం 6:10

ఈ ఒక్క మాటకు నీ పాట హిట్ కావాల నాయనా.

బీట్‌బాబు_కడప | సోమవారం ఉదయం 7:20

రాత్రి రెండింటి దాకా అయింది. రఫ్ మిక్స్ పెట్టినా, వినండి. మొదటి టేకుల్లో మామ ఖాళీ కనపడితే చాలు నింపేస్తున్నాడు. అప్పుడు అక్కే, "మామా, నేను అడుగుతాండా, నువ్వు జవాబు చెప్పొద్దు, ఊకొట్టు చాలు" అనింది. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. రీడ్ మార్చుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పెళ్లిళ్లలో నిలబడి వాయించే మనిషి కూర్చుని వాయిస్తే గాలి ఒత్తిడే మారిపోయింది. మీరు వింటున్నది ఆ టేకే.

అనంత_808 | ఉదయం 8:45

విన్నా. 0:52 దగ్గర ఆ జారుడుకు ఒళ్లు జలదరించింది. రివర్బ్ (గదిలో మోగినట్టు చేసే ఎఫెక్ట్) సగానికి తగ్గించు, దగ్గరగా ఉన్న మనిషిని తీసుకుపోయి గుడి మండపంలో నిలబెట్టినావు. నీ ర్యాప్‌లో రెండో నాలుగు లైన్లు తొందరపడుతున్నాయి. సీమ మాటే మాట్లాడుతున్నావు కాబట్టి "వస్తాండా, చూస్తాండా" లాంటివి సాగదీయి, బీటు వెనక కూర్చుంటాయి.

రీడ్‌మాస్టారు | ఉదయం 9:30

1:40 దగ్గర శుద్ధ ధైవతం ఒకటి తగిలింది, హిందోళం అలవాటు. కానీ వెంటనే పంచమానికి దిగిపోయాడు కాబట్టి అందంగానే ఉంది. దాన్ని కంప్యూటర్‌తో సరిచేయొద్దు.

మర్యాద_రాముడు | ఉదయం 10:05

విన్నాను. ఇంట్లో స్పీకర్‌లో పెట్టను గానీ, ఇయర్‌ఫోన్స్‌లో రెండుసార్లు విన్నా. ఆ అమ్మాయి బాగా పాడింది.

బజ్జీబాయ్ | ఉదయం 10:06

స్పీకర్‌లో కూడా పెట్టన్నా, వదిన వింటుంది.

గొంతు_ప్రొద్దుటూరు | ఉదయం 11:15

థాంక్స్ రాముడన్నా. బాబూ, ఫైనల్ మిక్స్‌కు ఒకటే షరతు. రెండో పల్లవిలో "దీపం" అనే మాట మీదికి సాక్స్ ఎక్కేస్తోంది. నేను లైను ముగించి గాలి తీసుకున్నాకే రావాల. ఆ గాలి తీసుకున్న చప్పుడు కూడా కోసినావు, దాన్ని తిరిగి పెట్టు. మామకు నేను ఫోన్ చేసి చెప్పేసినా, ఆయన సరే అన్నాడు.